మరణకారణం: భయం – 1919 షికాగో అల్లర్ల దస్తావేజులపై ఒక పరిశీలన

1919 జులై 27, ఆదివారం. ఎండ మండిపోతున్న ఆ మధ్యాహ్నం షికాగో దక్షిణ భాగంలోని మిషిగన్ సరస్సు తీరం జనంతో నిండి ఉంది. ఇరవై తొమ్మిదో వీధి దగ్గర ఆ నీళ్లలో ఒక గీత ఉండేది. దాన్ని ఏ చట్టమూ గీయలేదు, ఏ పలకా సూచించలేదు. అయినా ఆ గీతకు ఏ వైపున తెల్లవారు ఈదాలో, ఏ వైపున నల్లవారు ఈదాలో నగరంలో అందరికీ తెలుసు. ఆ రోజు కొందరు నల్లవారు గీత దాటి తెల్లవారి ఒడ్డుకు వచ్చారు. రాళ్లు లేచాయి. అదే సమయంలో నీళ్లలో ఉన్న యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రవాడు మునిగి చనిపోయాడు.

రాయి తగిలి చనిపోయాడన్నారు ఒడ్డున ఉన్న నల్లవారు. విసిరినవాడు ఇతడేనంటూ ఒక తెల్ల మనిషిని చూపించారు. అక్కడున్న తెల్లజాతి పోలీసు అతన్ని అరెస్టు చేయలేదు. పైగా, అంతలోనే ఒక తెల్ల మనిషి చేసిన ఫిర్యాదు మీద ఒక నల్లవాణ్ణి అరెస్టు చేశాడు. ఆ తరువాత జరిగింది చరిత్ర.

ఆ చరిత్రలో అంతగా ఎవరి కంటా పడని కాగితం ఒకటుంది. అది యూజీన్ విలియమ్స్ మరణంపై కరోనర్ జ్యూరీ ఇచ్చిన నిర్ణయం. మన పద్ధతిలో చెప్పాలంటే శవపంచనామా. శరీరం మీద రాతి దెబ్బల గుర్తులు లేవని అందులో తేలింది. జ్యూరీ అక్కడితో ఆగి, ‘ప్రమాదవశాత్తు నీటమునిగి మృతి’ అని రాసి చేతులు దులుపుకోవచ్చు. అలా చేయలేదు. రాళ్ల వానకు భయపడి కుర్రవాడు ఒడ్డుకు రాలేకపోయాడని, అందుకే మునిగిపోయాడని నిర్ధారించింది. మరణకారణాల పట్టికలో భయానికి చోటుండదు. ఊపిరితిత్తుల్లో చేరిన నీటికి ఉంటుంది, పగిలిన కపాలానికి ఉంటుంది. ఒక అధికారిక మరణవిచారణ భయాన్ని మరణానికి దారితీసిన కారణంగా గుర్తించడం అరుదైన విషయం. నగరంలో చెలరేగిన హింసను దస్తావేజుల ద్వారా అర్థం చేసుకోవాలనుకునేవారు ఈ కాగితంతో మొదలుపెట్టడం మంచిది. ఒక రికార్డు ఎంతవరకు చూడగలదో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ ఇందులోనే కనిపిస్తాయి.

ఆ నగరం, ఆ వారం

1910లో షికాగోలో నల్లజాతి జనాభా 44,103. 1920 నాటికి 1,09,458. అయినా అప్పటి నగర జనాభాలో వారు నూటికి నలుగురు మాత్రమే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో యూరప్ నుంచి వలసలు ఆగిపోవడంతో ఫ్యాక్టరీలకు, స్టాక్ యార్డ్స్ అని పిలిచే పశువధశాలలకు కూలీలు కరువయ్యారు. దక్షిణాది రాష్ట్రాల పత్తిపొలాల నుంచి, అక్కడి మూకహత్యల నుంచి పారిపోయి వచ్చినవారు ఆ పనుల్లో కుదురుకున్నారు. పని దొరికింది గాని ఇల్లు దొరకలేదు. ‘బ్లాక్ బెల్ట్’ అనే ఇరుకైన పట్టీలోనే రెట్టింపు మంది సర్దుకోవలసి వచ్చింది. ఆ పట్టీ దాటి ఇల్లు కొన్నవారి గుమ్మాల మీద, వారికి అమ్మిన దళారుల ఆఫీసుల మీద బాంబులు పడేవి. 1917 జులై నుంచి 1921 మార్చి వరకు అలాంటి బాంబుదాడులు 58 నమోదయ్యాయి. అంటే అల్లర్లకు రెండేళ్ల ముందే అల్లర్లు మొదలయ్యాయి. అవి ఒక్కొక్క ఇంటి మీద ఒక్కొక్క రాత్రి జరిగేవి కాబట్టి వాటినెవరూ ఆ పేరుతో పిలవలేదు.

ఆదివారం ఒడ్డున మొదలైన ఘర్షణ సోమవారం నగరంలోకి వచ్చింది. స్టాక్ యార్డ్స్‌లో పని ముగించుకుని ట్రాంలలో ఇళ్లకు వెళుతున్న నల్లజాతి కార్మికులను గుంపులు కిందికి లాగి కొట్టాయి, కొందరిని చంపాయి. బ్లాక్ బెల్ట్‌లో చిక్కిన తెల్లవారి మీద ప్రతిదాడులు జరిగాయి. మంగళవారం ఉదయం ట్రాం కార్మికుల సమ్మె మొదలైంది. పనికి వెళ్లదలచినవారు శత్రువుల వీధుల గుండా నడిచి వెళ్లవలసి వచ్చింది. బుధవారం రాత్రికి గాని మిలిషియా వీధుల్లోకి దిగలేదు. ఆ రాత్రే వాన కూడా పడింది. ఆగస్టు మొదటి వారానికి నగరం చల్లబడేసరికి మొత్తం లెక్క ఇది: 38 మంది మృతులు, 537 మంది క్షతగాత్రులు, దాదాపు వెయ్యిమంది నిరాశ్రయులు. మృతుల్లో 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు.

నాలుగు రకాల కాగితాలు

ఆ వారం నాలుగు వేరువేరు చోట్ల కాగితాలు తయారయ్యాయి. ఒకటి, కరోనర్ కార్యాలయం. 38 మరణాల మీద 70 పగటి విచారణలు, 20 రాత్రి విచారణలు జరిపి 450 మంది సాక్షులను ప్రశ్నించింది. రెండు, ఆసుపత్రుల క్షతగాత్రుల జాబితాలు. మూడు, పోలీసుల, న్యాయస్థానాల రికార్డులు. నాలుగు, వార్తాపత్రికలు. ప్రతి దస్తావేజూ తన పని కోసం పుట్టినదే. కరోనర్‌కు కావలసింది ఎవరు ఎలా చనిపోయారన్నది. ఆసుపత్రి కాగితం గాయం ఎక్కడ తగిలిందో రాసుకుంటుంది, ఎవరు కొట్టారని దానికి అక్కరలేదు. పోలీసు రికార్డులో ఎవరిని పట్టుకున్నారో ఉంటుంది, ఎవరిని పట్టుకోలేదో ఉండదు. పత్రికకు సాయంత్రం ఎడిషన్‌లోపు ఏదో ఒకటి కావాలి.

ఈ నాలుగింటినీ ఒకే బల్ల మీద పెట్టి చదివినది ‘షికాగో జాతి సంబంధాల కమిషన్’. ఇలినాయ్ గవర్నర్ ఫ్రాంక్ లౌడెన్ నియమించిన ఈ కమిషన్‌లో ఆరుగురు తెల్లవారు, ఆరుగురు నల్లవారు సభ్యులు. దాని నివేదిక ‘ది నీగ్రో ఇన్ షికాగో’ అనే పేరుతో 1922లో పుస్తకంగా వెలువడింది. పుస్తకం వెనుక ఉన్న ప్రధాన పరిశోధకుడు చార్ల్స్ ఎస్. జాన్సన్. ఆయన నల్లజాతి యువకుడు, షికాగో విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ పార్క్ శిష్యుడు. తరువాతి కాలంలో ఫిస్క్ విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి నల్లజాతి అధ్యక్షుడయ్యాడు.

సభ్యుల జాబితా కూడా శ్రద్ధగా చదవదగ్గదే. సియర్స్ రోబక్ అధిపతి జూలియస్ రోజెన్వాల్డ్, ‘షికాగో డైలీ న్యూస్’ యజమాని విక్టర్ లాసన్, నల్లవారి పత్రిక ‘షికాగో డిఫెండర్’ సంపాదకుడు రాబర్ట్ అబట్ అందులో ఉన్నారు. నల్లవారి చొరవతో 1891లో ఏర్పడిన ప్రావిడెంట్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు డాక్టర్ జార్జ్ క్లీవ్‌లాండ్ హాల్ కూడా సభ్యుడే. ఇద్దరు పత్రికాధిపతులను పక్కన కూర్చోబెట్టుకుని పత్రికల తప్పులను విచారించవలసిన కమిషన్ అది.

అంకెల వాదన

నివేదికలో అత్యంత బలమైన భాగం ఆవేశంతో రాసినది కాదు, రెండు జాబితాలను పక్కపక్కన పెట్టినది. క్షతగాత్రులు 537 మంది. వారిలో నల్లవారు 342, తెల్లవారు 178. మిగిలిన 17 మంది జాతి ఏమిటో ఏ రికార్డులోనూ లేదు. మనిషి రంగును బట్టి ప్రాణం నిలిచేదో పోయేదో తేలిన ఆ వారంలో 17 మంది రంగు రాసుకోవడం ఎవరో మరిచిపోయారు. ఇక అల్లర్లకు సంబంధించి నిందితులుగా పట్టుబడినవారు 229 మంది. వారిలో నల్లవారు 154, తెల్లవారు 75. అభియోగాలు నమోదైనవారిలో నల్లవారు 81, తెల్లవారు 47.

దెబ్బలు తిన్నవారిలో నల్లవారు దాదాపు రెట్టింపు. దెబ్బలు కొట్టారన్న నేరం మీద పట్టుబడినవారిలోనూ నల్లవారే రెట్టింపు. గాయాల జాబితాను మాత్రమే చూసినవారికి దాడులు ఎక్కువగా ఎవరి మీద జరిగాయో తెలుస్తుంది. అరెస్టుల జాబితాను మాత్రమే చూసినవారు నేరమంతా నల్లవారిదే అనుకుంటారు. రెండూ కలిపి చూసిన కమిషన్ ఒక తీర్మానానికి వచ్చింది: నల్లవారిని పట్టుకున్నంత తేలికగా తెల్లవారిని పట్టుకోలేదు. రాష్ట్ర ప్రాసిక్యూటర్ మక్లే హోయ్న్ నల్లవారికి మిత్రుడేమీ కాదు. ఆయన కూడా పోలీసులు తెల్లవారి నేరాలకు కళ్లు మూసుకుని నల్లవారిని పట్టుకోవడంలో ఉత్సాహం చూపారని ఒప్పుకోవలసి వచ్చింది. గ్రాండ్ జ్యూరీ మరొక అడుగు ముందుకు వేసింది. తమ ముందుకు వరసగా నల్లవారి కేసులే వస్తుండటం చూసి, తెల్లవారి కేసులు తెచ్చేదాకా విచారణ సాగించేది లేదని సమ్మె చేసింది. అదే గ్రాండ్ జ్యూరీ తెల్ల పౌరులతో కూడినదని గుర్తుంచుకుంటే ఆ సమ్మె బరువు తెలుస్తుంది.

వైద్య గణాంకాలతో పరిచయమున్నవారికి ఈ వాదన కొత్తగా అనిపించదు. ఒక జబ్బు ఒక పేటలో ఎక్కువగా నమోదైందంటే అక్కడ జబ్బు ఎక్కువగా ఉండవచ్చు, పరీక్షలు ఎక్కువగా జరుగుతుండవచ్చు. ఏది నిజమో ఆ ఒక్క అంకె చెప్పదు, వేరే దారిన వచ్చిన రెండో అంకె కావాలి. అరెస్టుల సంఖ్య నేరాన్ని కొలిచే సాధనంలా కనిపిస్తుంది గాని, మొదట అది కొలిచేది పోలీసుల ప్రవర్తనను. నూరేళ్ల కింద, కంప్యూటర్లు లేని కాలంలో, చార్ల్స్ జాన్సన్ బృందం ఈ తేడాను పట్టుకోవడం ఈ పుస్తకానికి శాశ్వతమైన విలువనిచ్చింది.

అయితే ఆసుపత్రి జాబితాకూ ఒక గుడ్డితనం ఉంది. ఆసుపత్రి మెట్లెక్కినవాడే దాని కంటికి కనిపిస్తాడు. వీధిలో గుంపులున్న వారంలో తల పగిలిన మనిషి ఇంట్లోనే పాతగుడ్డతో కట్టు కట్టుకుని ఉంటే అతడు ఏ లెక్కలోనూ చేరడు. బ్లాక్ బెల్ట్ దాటి ఆసుపత్రికి వెళ్లడమే ప్రాణాంతకమైన రోజుల్లో అలా ఇంట్లోనే ఉండిపోయినవారు ఏ వైపున ఎక్కువగా ఉంటారో ఊహించడం కష్టం కాదు. కాబట్టి 342 అనే అంకెను కనీసపు లెక్కగా చదవాలి.

పుకార్లకు పరీక్ష

కమిషన్ రెండవ విజయం పుకార్ల విషయంలో. అల్లర్ల తొలిరోజుల్లో పత్రికలు అచ్చువేసిన జాబితాల్లో తెల్ల క్షతగాత్రులే ఎక్కువగా కనిపించారు. చదివిన తెల్లవారికి తమ మీద యుద్ధం జరుగుతోందనిపించింది. ఆ కోపం మరిన్ని గుంపులను వీధుల్లోకి తెచ్చింది. తరువాత ఆసుపత్రి లెక్కలు ఆ జాబితాలను తలకిందులు చేశాయి, కాని అప్పటికే అవి చేయవలసిన పని చేసేశాయి.

నల్లవారి వైపు పుకార్లూ తక్కువేమీ కాదు. స్టాక్ యార్డ్స్ వ్యర్థాలు కలిసే ‘బబ్లీ క్రీక్’ అనే కాలువలో డజన్ల కొద్దీ నల్లవారి శవాలు పడేశారన్న మాట నగరమంతా పాకింది. కరోనర్ జ్యూరీ దాన్ని విచారించి ఆధారమేమీ లేదని తేల్చింది. ఒక నల్లజాతి స్త్రీని, ఆమె చంటిబిడ్డను గుంపు అతి క్రూరంగా చంపిందని ‘డిఫెండర్’ రాసింది. అలాంటి మరణం ఏదీ జరిగినట్లు విచారణలో తేలలేదు. ఈ కథనాన్ని అచ్చువేసిన పత్రిక సంపాదకుడు రాబర్ట్ అబట్ కమిషన్ సభ్యుడు. అయినా నివేదిక ఆ తప్పును దాచలేదు, తెల్లవారి పత్రికల తప్పుల పక్కనే పెట్టింది. ఒక సంస్థ తన సభ్యుణ్ణే తప్పుపట్టడానికి కావలసిన ధైర్యం మరణవిచారణ కాగితాల నుంచి వచ్చింది. రెండు పక్షాలూ తమ మృతులను ఎక్కువ చేసి చెప్పుకుంటున్నప్పుడు, 38 అనే అంకెను ఒక్కొక్క శవం ముందు కూర్చుని లెక్కపెట్టినవారు ఉండబట్టే ఆ మాట అనగలిగింది.

మూడో ఉదాహరణ మరింత చిక్కుగా ఉంటుంది. ఆగస్టు 2న స్టాక్ యార్డ్స్ వెనుక ఉన్న లిథువేనియన్ల పేట తగలబడి 900 మందికి పైగా నిలువనీడ లేనివారయ్యారు. నల్లవారే నిప్పు పెట్టారన్నది మొదటి మాట. ముఖాలకు నల్లరంగు పూసుకున్న తెల్ల ముఠాల పని అయి ఉండవచ్చని గ్రాండ్ జ్యూరీ అభిప్రాయపడింది. అప్పటిదాకా అల్లర్లకు దూరంగా ఉన్న లిథువేనియన్లను రెచ్చగొట్టడమే దాని ఉద్దేశమంటారు. ఇక్కడ సాక్షి కళ్లే మోసపోయి ఉండవచ్చు. అటువంటప్పుడు దస్తావేజు చేయగలిగింది ఒక్కటే: రెండు మాటలనూ, వాటిని ఎవరన్నారో కలిపి భద్రపరచడం.

కాగితానికి కనబడనివి

నమోదైన ఘర్షణల్లో 41 శాతం స్టాక్ యార్డ్స్ పక్కనున్న తెల్లవారి పేటల్లో జరిగాయని, 34 శాతం బ్లాక్ బెల్ట్‌లో జరిగాయని కమిషన్ లెక్కకట్టింది. మొదటి అంకె వెనుక ‘అథ్లెటిక్ క్లబ్బులు’ ఉన్నాయి. పేరుకు ఆటల సంఘాలు. నిజానికి అవి స్థానిక రాజకీయ నాయకుల అండతో నడిచే కుర్రకారు ముఠాలు. కుక్ కౌంటీ కమిషనర్ ఫ్రాంక్ రేగన్ పోషించిన ‘రేగన్స్ కోల్ట్స్’ వాటిలో పేరుమోసినది. ఈ ముఠాలే లేకపోతే అల్లర్లు తొలి ఘర్షణతోనే ఆగిపోయి ఉండేవని కమిషన్ గట్టిగానే చెప్పింది. అంత స్పష్టంగా చెప్పిన తరువాత పాఠకుడు ఎదురుచూసేది పేర్ల కోసం. పేర్లు లేవు. క్లబ్బుల పేర్లున్నాయి, మనుషులు లేరు.

ఈ ఖాళీ ఎంత దూరం సాగిందో తరువాతి చరిత్ర చెబుతుంది. నివేదికలో కనిపించే క్లబ్బుల్లో బ్రిడ్జ్‌పోర్ట్ పేటకు చెందిన హ్యాంబర్గ్ క్లబ్ ఒకటి. 1919లో 17 ఏళ్ల వయసున్న రిచర్డ్ జె. డేలీ దాని సభ్యుడు. కొన్నేళ్లకు అధ్యక్షుడయ్యాడు. 1955 నుంచి 1976లో చనిపోయేదాకా షికాగో మేయరుగా ఉన్నాడు. ఆ వారంలో ఆయన ఏదైనా చేశాడని ఏ దస్తావేజూ చెప్పదు. చేయలేదనీ చెప్పదు. దీన్నిబట్టి ఆయన మీద నేరం మోపడం అన్యాయం. కాని అరెస్టు కాగితాల్లోకి ఎక్కకుండా తప్పించుకోగలిగిన పేటలు ఏవో, ఆ పేటల నుంచే నగరాధికారం ఎలా ఎదిగిందో ఆ మౌనమే చెబుతుంది. 154 మంది నల్లవారి పేర్లు పోలీసు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. వారి మీద దాడిచేసిన క్లబ్బుల సభ్యుల పట్టిక మాత్రం ఎవరూ అడగలేదు.

యూజీన్ విలియమ్స్ కథకూ ఇలాంటి కొసరు ఒకటుంది. నివేదిక ప్రకారం అతడు ఒక రైలుపట్టాల దుంగను పట్టుకుని తేలుతున్నాడు. ఒక తెల్ల కుర్రవాడు తన వైపు ఈదుకుంటూ రావడం చూసి దుంగను వదిలి నాలుగు బారలు వేసి మునిగిపోయాడు. అయితే 1969లో చరిత్రకారుడు విలియమ్ టటిల్ ఆనాటి స్నేహితుల్లో ఒకరిని వెతికి పట్టుకున్నాడు. అప్పటికి ఆ సాక్షి వయసు మళ్లినవాడు. ఆయన చెప్పినది వేరు. కుర్రవాళ్లంతా కలిసి దుంగలతో ఒక తెప్ప కట్టుకున్నారు, దాని మీద ఆడుకుంటూ ఉండగా అలల అడ్డుగోడ మీద నిలబడిన ఒక తెల్ల మనిషి రాళ్లు విసిరాడు, వాటిలో ఒకటి యూజీన్ నుదుటికి తగిలింది. ఈ కథనం 1970లో వెలువడిన టటిల్ పుస్తకం ‘రేస్ రయట్’ ద్వారా చరిత్రలోకి వచ్చింది.

శరీరం మీద దెబ్బ లేదన్న పంచనామాను నమ్మాలా, దెబ్బ తగలడం చూశానన్న స్నేహితుణ్ణి నమ్మాలా? నీటిలో నానిన శరీరం మీది గాయాలను చదవడం న్యాయవైద్యంలో ఎప్పుడూ కష్టమే. చావుకు క్షణాల ముందు తగిలిన దెబ్బ కమిలేంత వ్యవధి ఉండదు, కారిన రక్తాన్ని నీరు కడిగేస్తుంది. మరోవైపు, యాభై ఏళ్ల తరువాతి జ్ఞాపకం తాను విన్నదాన్ని చూసినదానితో కలిపేసుకోగలదు. ఈ రెండింటిలో ఒకదాన్ని కొట్టివేయనక్కర లేదు. రాయి తగిలిందో లేదో తెలియకపోయినా రాళ్లు విసిరారన్నది రెండు కథనాల్లోనూ ఉంది.  కరోనర్ జ్యూరీ ‘భయం’ అన్న మాటను వాడబట్టే, గాయం గురించిన వివాదం తేలకపోయినా, బాధ్యత గురించిన నిర్ణయం నిలబడింది. ఆ బాధ్యతను ఎవరూ మోయలేదన్నది మరొక సంగతి.

నివేదికలో ఈ ఘట్టం గురించిన ఒక చిన్న వివరం అన్ని అంకెలనూ మించి వెంటాడుతుంది. కుర్రవాడు మునిగిపోయాడని తెలిసిన వెంటనే అప్పటిదాకా రాళ్లు విసురుకుంటున్న రెండు గుంపులూ ఆగిపోయాయి. దాదాపు గంటసేపు తెల్లవారు, నల్లవారు కలిసి నీళ్లలో దూకి శవం కోసం వెతికారు. గుసగుసలు ఆ తరువాతే మొదలయ్యాయి. ఆ గంట గురించి ఎవరి మీదా కేసు ఉండదు, గాయం ఉండదు, కాబట్టి నాలుగు రకాల కాగితాల్లో మూడింటికి అది కనబడదు. కమిషన్ సాక్షుల మాటలు విన్నది గనుకనే అది మనదాకా వచ్చింది.

ఏకగ్రీవం ఖరీదు

ఇంత జాగ్రత్తగా చదివిన కమిషన్ చివరికి ఏమి చెప్పింది? 59 సిఫారసులు చేసింది. పోలీసులు, పార్కులు, పాఠశాలలు, యజమానులు, కార్మికసంఘాలు, పత్రికలు, తెల్ల ప్రజలు, నల్ల ప్రజలు – అందరికీ తలా కొన్ని. బలవంతపు వేర్పాటు పరిష్కారం కాదని స్పష్టంగా చెప్పడం ఆ కాలానికి పెద్దమాటే. నీగ్రో అన్న పదాన్ని పెద్ద అక్షరంతో రాయమని పత్రికలను కోరడం చిన్నదిగా కనిపించినా గౌరవానికి సంబంధించిన విషయం. కాని సిఫారసుల్లో అధికభాగం హితవాక్యాలు. అంకెలు చెప్పింది ఒకటి: చట్టాన్ని అమలుచేసే యంత్రాంగమే ఒక వైపుకు ఒరిగింది. సిఫారసులు అడిగింది మరొకటి: ఇరుపక్షాలూ ఒకరినొకరు అర్థం చేసుకోవాలి. వ్యాధి నిర్ధారణలో ఉన్న ఖచ్చితత్వం చికిత్సలో లేదు.

దీనికి కారణం కమిషన్ నిర్మాణంలోనే ఉంది. అదే 1919లో అమృత్‌సర్‌లో జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. వాటిని, పంజాబ్ అల్లర్లను విచారించడానికి బ్రిటిష్ ప్రభుత్వం హంటర్ కమిటీని వేసింది. అందులోనూ రెండు జాతుల సభ్యులు ఉన్నారు. 1920లో ఆ కమిటీ రెండుగా చీలింది. పంజాబ్‌లో జరిగినది తిరుగుబాటు, సైనికపాలన అవసరమేనన్నారు తెల్ల సభ్యులు. ముగ్గురు భారతీయ సభ్యులు ఆ మాట ఒప్పుకోక విడిగా నివేదిక రాశారు. డయ్యర్ చర్యను రెండు నివేదికలూ తప్పుపట్టినా, అధికారయంత్రాంగాన్ని సూటిగా ప్రశ్నించినది ఆ ముగ్గురి నివేదికే. షికాగో కమిషన్ చీలలేదు. పన్నెండు మందీ ఒకే పుస్తకం కింద నిలబడ్డారు. తెల్లవారూ నల్లవారూ కలిసి ఒక మాట చెప్పడమే ఆనాటి అమెరికాలో అపురూపం కాబట్టి ఆ ఐక్యత విలువైనదే. దాని ఖరీదు కూడా పెద్దదే. పత్రికాధిపతి, పారిశ్రామికవేత్త, రియల్ ఎస్టేట్ వ్యాపారి అందరూ సంతకం చేయగలిగిన వాక్యాలే చివరికి మిగిలాయి. ఇళ్ల విషయంలో ఏం చేయాలో కమిషన్‌కు తెలుసు. అయినా 1927 నుంచి షికాగో రియల్ ఎస్టేట్ బోర్డు నల్లవారికి ఇళ్లు అమ్మరాదనే ఒప్పంద పత్రాలను నగరమంతటా ప్రోత్సహించింది. వాటిని న్యాయస్థానాలు అమలుచేయరాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పడానికి 1948 దాకా ఆగవలసి వచ్చింది. 1919లో రాళ్లు, బాంబులు కాపాడిన గీతను ఆ తరువాత రిజిస్ట్రేషన్ కాగితాలు కాపాడాయి. అవి కూడా ఇప్పుడు దస్తావేజులే. అల్లర్ల చరిత్ర రాసేవారు పోలీసు రికార్డులతో పాటు వాటినీ తెరవాలి.

మళ్లీ అదే పుస్తకం

1967లో అమెరికా నగరాలు మళ్లీ తగలబడ్డాయి. అధ్యక్షుడు జాన్సన్ మరొక కమిషన్ వేశాడు. దాని అధ్యక్షుడు కూడా ఇలినాయ్ గవర్నరే, పేరు ఆటో కెర్నర్. ఆ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చిన నల్లజాతి మనస్తత్వశాస్త్రవేత్త కెన్నెత్ క్లార్క్ 1919 షికాగో నివేదికను ప్రస్తావించాడు. దాన్ని, 1935, 1943 నాటి హార్లెమ్ నివేదికలను, వాట్స్ నివేదికను చదువుతుంటే ఒకే సినిమాను పదేపదే చూస్తున్నట్లుందని, అదే విశ్లేషణ, అవే సిఫారసులు, అదే నిష్క్రియ అని చెప్పాడు. 1968లో వెలువడిన కెర్నర్ నివేదిక తన గురించే చెప్పినట్లున్న ఆ మాటలను తన పేజీల్లోనే అచ్చువేసుకుంది.

క్లార్క్ విమర్శ నిజమే. అయితే నిష్క్రియకు ఆ కాగితాలను తప్పుపట్టలేం. తన పని పూర్తిగా చేసిన కాగితాన్ని పక్కనపెట్టిన చేతులదే ఆ తప్పు. కమిషన్ నివేదికలో నేటికీ చెక్కుచెదరనివి సిఫారసులు కావు, పక్కపక్కన పెట్టిన జాబితాలు. ఒక నగరంలో అల్లర్లు జరిగిన తరువాత ఎవరెంత దుఃఖపడ్డారో చెప్పేవారు చాలామంది ఉంటారు. మృతులను ఒక్కొక్కరినీ లెక్కపెట్టేవారు, ఆసుపత్రి పుస్తకాన్ని పోలీసు పుస్తకంతో పోల్చేవారు, తమ పక్షం పుకారును కూడా పరీక్షకు పెట్టేవారు తక్కువ. వారు లేకపోతే 1919 షికాగో గురించి మనకు మిగిలేవి బబ్లీ క్రీక్‌లో లేని శవాలు, పత్రికల తొలిరోజు జాబితాలు మాత్రమే.

యూజీన్ విలియమ్స్ మరణానికి ఎవరికీ శిక్ష పడలేదు. అతని గురించి నగరం రాసుకున్న అధికారిక వాక్యం మాత్రం ఉంది. అందులో నీళ్లు ఉన్నాయి, రాళ్లు ఉన్నాయి, ఒడ్డు ఉంది, ఒడ్డుకు రానివ్వని భయం ఉంది. గీత ఎవరిదన్న ప్రశ్నకు జవాబు లేదు. ఆ జవాబు రాయవలసినది కరోనర్ కాదు.